మామగారి స్థానచలనం

ఏ రోడ్డయినా బాగుపడాలంటే ముందు అది పూర్తిగా పాడవ్వాలి. ఇది సృష్టి ధర్మం. సృష్టి ఎక్కడైనా ఏమరుపాటున ఆ ధర్మాన్ని మరిచిపోతే గుర్తుచెయ్యడానికి ఒక విభాగం ఉంది. దాని పేరు రహదారి ఉన్నతీకరణ పూర్వ సన్నాహాల సమన్వయ విభాగం. (అంత పేరు వాళ్ళ గోడ మీద పట్టలేదు. చివరి రెండు మాటలు పక్క భవనం గోడ మీద రాశారు. పక్క భవనం పశువుల ఆసుపత్రి. అప్పట్నుంచీ ఊళ్ళో సమన్వయమంతా అక్కడే జరుగుతోంది, పశువులకు కూడా ఇబ్బందేమీ లేదు.)

విభాగం సిద్ధాంతం చాలా సులువు. రెండు వరసల రోడ్డు ఆరు వరసలు కావాలి. కావాలంటే దాని కిందున్న మంచినీళ్ళ గొట్టం, మురుగు గొట్టం, కరెంటు తీగ అన్నీ పక్కకు జరగాలి. జరగాలంటే అవి ఎక్కడున్నాయో తెలియాలి. అవి ఎక్కడున్నాయో పాతినవాళ్ళకు తెలుసు. పాతినవాళ్ళు రిటైరయ్యారు. అందుకని రంగుల మనిషిని పెట్టారు.

రంగుల మనిషి ఒక చేత్తో నేలను వినే పరికరం పట్టుకుని, రెండో చేత్తో స్ప్రే డబ్బా పట్టుకుని నడుస్తాడు. నీళ్ళకు నీలం, మురుక్కి ఆకుపచ్చ, కరెంటుకు ఎరుపు. రంగు కొట్టిన ప్రతిదానికీ ఒక నంబరు వేసి, ఫొటో తీసి, 'సుమార్గం' అనే యాప్‌లో పెడతాడు. తడి రంగు తొక్కకుండా ఉండాలంటే వెనక్కి వెనక్కి నడవాలని అతనికి శిక్షణలో నేర్పారు. వెనక ఏముందో చూసుకోవడం నేర్పే తరగతి రెండో విడత నిధుల్లో ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అతను కరెంటు తీగ వెంట ఎర్రరంగు కొట్టుకుంటూ ఒక వీధి మొగలోకి వీపు ముందుగా ప్రవేశించాడు.

ఆ మొగలో ఒక టైలరు దుకాణం ఉంది. నడిపేది ఆ ఇంటి కోడలు. ముందు దుకాణం, వెనక ఇల్లు, రెంటికీ కలిపి ఒకటే గుమ్మం. ఆ గుమ్మం ముందు పేవ్‌మెంటు మీద, ప్లాస్టిక్ కుర్చీలో, మెళ్ళో విజిల్‌తో ఆమె మామగారు నిద్రపోతున్నారు. ఆయన రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు. ఉద్యోగం వదిలినా విజిల్ వదల్లేదు. ఊళ్ళో సగం మందిని ఎండలో నిలబెట్టి 'ఎడమా, కుడీ' నేర్పిన మనిషి. తిన్నాక మాత్రం కదలడు.

కదలని వస్తువును చూస్తే రంగుల మనిషి చెయ్యి ఆగదు. అసలు అతను చూడనే లేదు, అది వేరే సంగతి. గీత సాఫీగా వచ్చి, మామగారి కుడికాలి చెప్పు మీదుగా, కుర్చీ కాలు మీదుగా, ఎడమకాలి చెప్పు మీదుగా సాగిపోయింది. నాలుగడుగులు వెళ్ళాక లెక్క గుర్తొచ్చి, వెనక్కి వచ్చి (అంటే ముందుకు వచ్చి), కుర్చీ వీపు మీద '47' అని వేసి, ఫొటో తీసి వెళ్ళిపోయాడు. నిద్ర లేచేసరికి మామగారు కరెంటు శాఖ ఆస్తి అయిపోయారు.

"మామయ్యా, కాళ్ళకి ఏంటది?" అంది కోడలు, సాయంత్రం టీ తెచ్చి.

"ఏమోనమ్మాయ్. పడుకున్నప్పుడు లేదు."

"కిరసనాయిలు పెట్టి తుడుస్తాను, ఉండండి."

"రేపు తుడుద్దువుగానిలే. నీకసలే ఊపిరాడటం లేదు."

నిజంగానే ఊపిరాడటం లేదు. పక్క పేటలో బడి తెరుస్తున్నారు. పిల్లలందరి యూనిఫారాలూ ఈమె చేతికే వచ్చాయి. శనివారానికల్లా బడి వ్యాను గుమ్మం ముందుకొచ్చి మూటలు ఎక్కించుకుపోవాలి. ఒక్కరోజు ఆలస్యమైనా ఆర్డరు రెడీమేడ్ కంపెనీకి పోతుంది, ఆ తర్వాత ఏటేటా అక్కడికే పోతుంది. పోతే మూడు మిషన్లలో రెండు అమ్ముకుని, మిగిలిన దాని మీద పాత చొక్కాలకు అతుకులు వేసుకోవాలి. ఇంత తలకాయనొప్పిలో పొద్దుట్నుంచి ఇంకో కబురు తిరుగుతోంది. సోమవారం ఈ మొగలోనే, గుమ్మాన్ని ఒరుసుకుంటూ, మనిషి లోతు గొయ్యి తవ్వుతారట. గొయ్యి పడితే వ్యాను రాదు, మూట బయటికి పోదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

సోమవారం పొద్దున్నే జేసీబీ వచ్చింది. పక్కనే ఫోను పట్టుకుని సూపర్‌వైజరు వచ్చాడు. జేసీబీ చెయ్యి పైకి లేచింది.

"ఆపు, ఆపు! ఇక్కడ ఎర్రచుక్క ఉంది!" అని సూపర్‌వైజరు కేక పెట్టాడు.

డ్రైవరు తల బయటపెట్టి చూశాడు. "ఎక్కడ సార్? ముసలాయన కూర్చున్నాడు, అంతేగా."

"యాప్‌లో ముసలాయన లేడు. ఎర్ర నలభై ఏడు ఉంది. కరెంటు శాఖది."

"సార్, ఆయన దగ్గుతున్నాడు."

"దగ్గని ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడైనా చూశావా?"

డ్రైవరు ఆలోచించాడు. చూడలేదు.

అప్పటికి కోడలు గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. 'ఆయన మా మామగారండీ' అని చెప్పడానికే వచ్చింది. కానీ నోటినిండా గుండుసూదులు ఉన్నాయి. అవి ఒక్కొక్కటీ తీసి జాకెట్టు భుజానికి గుచ్చుకునేలోగా సూపర్‌వైజరు నియమావళి చదివేశాడు.

"నియమం నాలుగు. రంగు పడిన వస్తువును సంబంధిత శాఖ తరలించేదాకా దాని చుట్టూ రెండు గజాల లోపల గునపం దిగరాదు." ఫోను జేబులో పెట్టుకుని ఆమెను అడిగాడు. "అమ్మా, ఈ వస్తువు ఇక్కడిదేనా?"

ఆఖరి సూది ఆమె చేతిలో ఉంది. ఒకసారి మామగారిని చూసింది. ఒకసారి జేసీబీ పళ్ళు చూసింది. లోపల గుట్టగా పడున్న తెల్లచొక్కాలు చూసింది.

"ఇక్కడిదేనండీ," అంది. "నేను కాపరానికి వచ్చినప్పట్నుంచీ ఇక్కడే ఉంది."

"అయితే సంతకం పెట్టండి. 'వస్తువు స్థానంలో ఉన్నది' అని రోజూ ఒకటి కావాలి."

ఆమె పెట్టింది. మామగారు కళ్ళు తెరిచారు.

"ఏంటమ్మాయ్ గొడవ?"

"ఏం లేదు మామయ్యా. మీరలాగే కూర్చోండి."

"ఎంతసేపు?"

"శనివారం దాకా."

డ్రిల్లు మాస్టారికి ఆజ్ఞ అంటే ఆజ్ఞే. నడుం నిటారుగా పెట్టి కూర్చున్నారు.

ఇక్కడ వీధి ట్రాఫిక్ గురించి రెండు మాటలు చెప్పాలి. పెద్దరోడ్డు తవ్వుతారు కాబట్టి బళ్ళన్నీ ఈ వీధిలోంచి మళ్ళించారు. వీధి ఇరుకు కాబట్టి వన్‌వే చేశారు. ఒకే దిక్కుకు వన్‌వే చేస్తే రెండో దిక్కువాళ్ళకు అన్యాయం జరుగుతుందని దాన్ని కొంతసేపు లోపలికీ, కొంతసేపు బయటికీ చేశారు. ఎప్పుడు మారుతుందో ముందే చెబితే అందరూ ఆ వేళకే వచ్చి మీద పడతారని చెప్పడం మానేశారు. మార్పు సంగతి కానిస్టేబుల్ ఫోనుకు వస్తుంది. అతను చదివి చెయ్యి చాపేలోగా ఇంకో మార్పు వస్తుంది. పాపం ఆ చెయ్యి గాల్లోనే అటూ ఇటూ ఊగుతుంటే, బస్సు డ్రైవర్లు తమకే టాటా చెబుతున్నాడనుకుని వాళ్ళూ చెయ్యి ఊపి పోయేవారు.

కోడలి భర్త ఆ సోమవారం పొద్దున స్కూటరెక్కి చొక్కా గుండీలు కొనడానికి వెళ్ళాడు. గుండీల కొట్టు పక్క వీధి చివర. ఇంటికి కనిపించే దూరం.

మధ్యాహ్నం ఫోను చేశాడు. "గుండీలు తీసుకున్నాను. వచ్చేస్తున్నా. ఇక్కడ ఎడమకు తిరగమని బోర్డుంది."

సాయంత్రం చేశాడు. "ఇంకో బోర్డుంది. అదీ ఎడమకే."

"ఏవండీ, నాలుగుసార్లు ఎడమకు తిరిగితే బయల్దేరిన చోటికే రావాలి కదా?"

"నేనూ అదే అనుకున్నా. కానీ వచ్చేసరికి ఆ చోటు తవ్వేశారు."

మంగళవారం అతను బావగారింట్లో దిగాడు. బుధవారం బయల్దేరి, సాయంత్రానికి మళ్ళీ బావగారింటికే చేరాడు. "మీరు మమ్మల్ని మరీ ఇంత ఇష్టపడతారని తెలీదు బావా," అని బావగారు పళ్ళు బిగించి నవ్వాడు. ఇక్కడ కుట్టడం అయిపోతోంది, చొక్కాలకు గుండీల్లేవు. గుండీలు ఊళ్ళోనే ఉన్నాయి, ఎడమకు తిరుగుతున్నాయి.

గుమ్మం ముందు పరిస్థితి దివ్యంగా ఉంది. బళ్ళు పేవ్‌మెంటు ఎక్కి పోతున్నాయి కాబట్టి, నియమం నాలుగు ప్రకారం కానిస్టేబుల్ మామగారి చుట్టూ తెల్లసున్నంతో రెండు గజాల వలయం గీశాడు. వలయం కనిపించగానే బళ్ళు దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. మర్నాటికి 'ముందు కూడలి ఉంది, నెమ్మదిగా పొండి' అని బోర్డు వెలిసింది. కేబుల్ టీవీ వాళ్ళు వచ్చారు. స్తంభమని రికార్డుల్లో ఉన్నదానికి తీగ కట్టకుండా పోవడం వాళ్ళ వంశంలో లేదు. కుర్చీ చేతికి రెండు చుట్లు చుట్టి పోయారు. వాళ్ళ వెనకే ఇంటర్నెట్ వాళ్ళు కట్టారు. బుధవారం మామగారు కునుకు తీసి లేచేసరికి చొక్కా వీపు మీద 'ఇంటి వద్దకే వచ్చి లెక్కలు చెప్పబడును' అనే కాగితం అంటించి ఉంది. గురువారం ఒక కుక్క వచ్చి, స్తంభమేనని నిర్ధారించుకుని, కాలెత్తింది.

"ఛీ, ఛీ! అమ్మాయ్!"

"కదలకండి మామయ్యా, కదలకండి!"

అసలు చిక్కు వేరే. స్తంభాలకు లేనిదీ, మామగారికి రోజుకు నాలుగైదుసార్లు వచ్చేదీ ఒక అవసరం ఉంది. నియమం ఆరు ఏమంటుందంటే, వస్తువు స్థానంలో కనపడకపోతే తొలగిపోయినట్టే భావించి తవ్వుకోవచ్చు. సూపర్‌వైజరు ఎదురు అరుగు మీద కూర్చుని, కొంగలా, అదే కనిపెడుతున్నాడు. మంగళవారమే మామగారు రెండు మోకాళ్ళూ దగ్గర పెట్టుకుని, "అమ్మాయ్, ఇక నావల్ల కాదు," అన్నారు.

కోడలు అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది. అప్పుడు జేసీబీ డ్రైవరు మెల్లగా దిగి వచ్చాడు.

"అమ్మా, మా పాప గౌను కూడా మీ దగ్గరే కుడుతున్నారు కదా?"

"ఏ తరగతి?"

"ఒకటో తరగతి. కాస్త పొడుగు ఉంచండి, ఎదిగే పిల్ల."

"మీరు గొయ్యి తవ్వితే పొడుగూ లేదు, పొట్టీ లేదు. గౌనే లేదు."

డ్రైవరు అటూ ఇటూ చూసి, మామగారి ఎర్రచెప్పులు తను తొడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. మామగారు లోపలికి పరుగెత్తారు. డ్రైవరు కుర్చీలో ఉన్నాడు కాబట్టి జేసీబీలో ఎవరూ లేరు. ప్రమాదం రెండు వైపులా తప్పింది.

సూపర్‌వైజరు కళ్ళు చిట్లించాడు. "వస్తువు రంగు కాస్త మారినట్టుందే?"

"పాలిష్ పెట్టానండీ," అంది కోడలు.

అతను తృప్తిపడి ఆ మాట యాప్‌లో ఎక్కించాడు. (కరెంటు శాఖ ఈ శ్రద్ధకు మెచ్చి, తక్కిన స్తంభాలకు కూడా పాలిష్ పెట్టించడానికి ఒక ఉపసంఘం వేసిందని తర్వాత తెలిసింది.)

గురువారం కుక్క వెళ్ళిన కాసేపటికి స్థానచలన అధికారి స్వయంగా వచ్చాడు. కరెంటు శాఖలో వస్తువుల తరలింపులన్నీ ఆయన చేతి మీదుగానే జరుగుతాయి. చల్లటి మనిషి. జేబులోంచి టెస్టరు తీసి మామగారి మోకాలికి ఆనించాడు.

"లైటు వెలగలేదే. సరఫరా ఉందా?"

"టీ తాగితే ఉంటుంది," అన్నారు మామగారు.

అధికారి చెప్పినదంతా గుమాస్తా రాసుకున్నాడు. 'నలభై ఏడు. పాతరకం. ఆయుర్దాయం దాటినది. పనిచేయుచున్నది. శబ్దము చేయును.'

"ఏం బాబూ, నేను మనిషినని నీకు అనుమానం రాలేదా?" అని మామగారే అడిగారు, ఉండబట్టలేక.

అధికారి నవ్వాడు. "అనుమానాల సెక్షను మాది కాదండీ. సమన్వయ విభాగానిది."

"అదెక్కడ?"

"పశువుల ఆసుపత్రిలో."

శనివారం తెల్లవారింది. గుండీలు లేని చొక్కాలు కొండలా పేరుకున్నాయి. కోడలూ, పనివాళ్ళిద్దరూ కాజాలన్నీ కుట్టేసి చేతులు కట్టుకు కూర్చున్నారు. పది గంటలకు ఫోను మోగింది.

"వచ్చేశాను!" అని భర్త అరిచాడు. "మన మొగ కనిపిస్తోంది! నా వెనకే బడి వ్యాను కూడా ఉంది. దార్లో కలిశాం. వాళ్ళూ గురువారం నుంచి ఎడమకే తిరుగుతున్నారట."

"అయితే రండి!"

"రాలేను. ఇప్పుడే వన్‌వే మారింది. అందరూ బయటికి వస్తున్నారు. కానిస్టేబుల్ నన్ను ఎడమకు పొమ్మంటున్నాడు. ఇదిగో, ఈసారి ఎడమకు తిరిగితే నేను బావగారి ముఖం చూడలేను!"

కోడలు గుమ్మంలోకి వచ్చి చూసింది. వీధి నిండా బస్సులూ, ఆటోలూ, లారీలూ ఇటునుంచి అటు వరదలా పోతున్నాయి. ఆ వరదకు అవతల, చేతిలో గుండీల సంచి ఎత్తి పట్టుకుని, ఆమె మొగుడు కనిపిస్తున్నాడు. అతని వెనక తెల్లటి వ్యాను. మధ్యాహ్నానికి మూటలు కదలాలి.

"మామయ్యా," అంది. "అరుగో మీ అబ్బాయి. రాలేకపోతున్నారు."

మామగారు చూశారు. తర్వాత మెళ్ళో విజిల్ తీసి, పెదాల మధ్య పెట్టుకుని, ఊదారు.

అది మామూలు విజిల్ కాదు. ఆ ఊళ్ళో పుట్టి, బడికి ఆలస్యంగా వెళ్ళిన ప్రతివాడి వెన్నులో ఇప్పటికీ ఒక మూల దాక్కున్న విజిల్. ముందు బస్సు డ్రైవరు బ్రేకు తొక్కి, సీట్లోనే నిటారుగా అయిపోయాడు. వెనక ఆటోవాళ్ళు హ్యాండిళ్ళు వదిలి చేతులు తొడలకు ఆనించారు. లారీ మీద హమాలీలు వరసగా లేచి నిలబడ్డారు.

"సావధాన్!" అన్నారు మామగారు, కుర్చీలోంచి కదలకుండా. "ఎవర్రా ఆ మూడో వరసలో నవ్వుతున్నది? వెనక్కి... తిరుగు!"

వీధి వీధంతా వెనక్కి తిరిగింది. ఎలా తిరిగిందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. ఆ వీధిలో సైకిలు తిప్పాలంటేనే ఎత్తి తిప్పుకోవాలి. అయినా బస్సులు తిరిగాయి, లారీలు తిరిగాయి, ఊరేగింపులో దారితప్పి వచ్చినట్టున్న ఒక రోడ్డు రోలరు కూడా తిరిగింది. కానిస్టేబుల్ చెయ్యి వారం రోజుల్లో మొట్టమొదటిసారి ఒకే దిక్కున నిలబడింది. అతనూ ఏడో తరగతి దాకా మాస్టారి బళ్ళోనే చదివాడు.

ఆ ఖాళీలోంచి స్కూటరు, దాని వెనకే వ్యాను దూసుకొచ్చాయి. "ఆ విజిల్ వినగానే బండి దానంతటదే ఇంటికి తిరిగింది నాన్నా," అన్నాడు కొడుకు, దిగుతూనే.

"గెడ్డం ఏంట్రా అలా పెంచావు? లోపలికి పద."

ఆ తర్వాత రెండు గంటలు ఆ దుకాణంలో జరిగింది ఏ శాఖ చరిత్రలోనూ జరగలేదు. కోడలు, కొడుకు, పనివాళ్ళు సరే. జేసీబీ డ్రైవరు సూదిలో దారం ఎక్కించాడు. కానిస్టేబుల్ కాలరు గుండీలు పట్టాడు. ఊరికే చూస్తూ నిలబడలేక సూపర్‌వైజరు కూడా ఒక చొక్కా తీసుకుని, గుండీని తన ప్యాంటుతో కలిపి కుట్టేసుకుని, లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. ఆఖరి మూట వ్యాను ఎక్కింది. మామగారు మళ్ళీ ఊదారు. వీధి మళ్ళీ తిరిగింది. వ్యాను వెళ్ళిపోయింది.

కోడలు గుమ్మంలో కూలబడి, నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"మామయ్యా, ఇక లోపలికి రండి. పనయిపోయింది."

"ఈ పూటకు ఉండనీవమ్మా," అన్నారాయన. ముఖం వెలిగిపోతోంది. "రిటైరయ్యాక ఇంతమంది నా మాట వినడం ఇదే. రేపు ఆదివారం, సినిమాకెళ్ళే బళ్ళు ఎక్కువుంటాయి. వాటి సంగతి చూసి వస్తాను."

ఆ 'రేపు' అన్న మాటే కొంప ముంచింది.

సోమవారం పొద్దున క్రేను వచ్చింది. స్థానచలన అధికారి ఉత్తర్వు చదివాడు. ఎర్ర నలభై ఏడును కొత్త కరెంటు లైనులోకి, అంటే రోడ్డుకు అవతలి పక్కకు, తరలిస్తున్నారు.

"అక్కర్లేదండీ!" అని కోడలు అడ్డం పడింది. "ఆయన మా మామగారు. మనిషి! ఇంట్లోకి వచ్చేస్తారు. మీరు గొయ్యి తవ్వుకోండి."

అధికారి ఏమీ కోప్పడలేదు. సూపర్‌వైజరు దగ్గర కాగితాలు తీసుకుని ఆమె ముందు పరిచాడు. 'వస్తువు స్థానంలో ఉన్నది.' కింద ఆమె సంతకం. రోజుకొకటి.

"చేతిరాత మీదేనా?"

"నాదే. కానీ అది..."

"అమ్మా, మీరు చదువుకున్నట్టున్నారు, ఆలోచించండి. ఈ స్తంభం కోసం ఆరు వరసల రోడ్డు వారం రోజులు ఆగింది. ఇప్పుడిది మనిషి అని రాశామనుకోండి, వారం ఎందుకు ఆగిందో మేం చెప్పాలి. స్తంభమే అయితే ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. మనిషి అని రుజువు చేస్తే మీ సంతకం అబద్ధమవుతుంది. అబద్ధపు సంతకానికి ఏం చేస్తారో తెలుసా?"

ఆమెకు తెలియదు. ఆయనకూ తెలియదు. కానీ ఆ ప్రశ్న అడిగాక ఇంకెవరూ ఏమీ అడగరని ఆయన ఉద్యోగానుభవం.

కుర్చీకి బెల్టులు కట్టారు. కేబుల్ తీగలు కత్తిరించారు. మామగారు గాల్లోకి లేచారు. మేడల మీద జనం చప్పట్లు కొట్టారు. ఆయన కూడా కిందికి చూసి, చెయ్యి ఊపి, ఉత్సాహంగా ఒకసారి విజిల్ ఊదారు. క్రేను డ్రైవరు కూడా ఆయన శిష్యుడే కావడంతో యంత్రం అక్కడికక్కడే సావధాన్‌లో ఆగిపోయింది. 'విశ్రామ్' అనాలని ఆయనకు తట్టేదాకా గాల్లోనే ఉన్నారు.

తర్వాతి సంగతి అందరికీ తెలిసిందే. గొయ్యి తవ్వారు, పూడ్చారు. రోడ్డు వేశారు. ఆరు వరసలు, నున్నగా, అద్దంలా. మధ్యలో నడుమెత్తు గోడ, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా సందు లేకుండా. మామగారు అవతలి ఒడ్డున, సరిగ్గా గుమ్మానికి ఎదురుగా ఉన్నారు. కనిపిస్తూనే ఉంటారు. పడుకోవడానికి అక్కడి వాచ్‌మన్ షెడ్డులో చోటిచ్చారు. (రికార్డుల్లో దాన్ని 'రాత్రివేళ సరఫరా నిలుపుదల' అంటారు.) కొడుకు రోజూ స్కూటరు మీద క్యారియరు తీసుకుని వెళ్తాడు. యూటర్న్ దాకా పోయి, తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం భోజనం రాత్రి భోజనం అవుతుంది. దారంతా ఎడమే.

మొదట్లో మామగారు హుషారుగానే ఉన్నారు. బడిపిల్లలు రోడ్డు దాటే చోటు ఎక్కడా లేదు కాబట్టి ఆయనే విజిల్ ఊది బళ్ళాపి, పిల్లల్ని ఒక్కొక్కర్నీ గోడ మీదుగా దాటించేవారు. కోడలు కుట్టిన యూనిఫారాల్లో వాళ్ళు తెల్లకొంగల్లా గోడెక్కి దిగుతుంటే ఆమె మిషను ఆపి చూసేది. కానీ ఒక సాయంత్రం ఆయన ఫోను చేశారు. ఎదురుగా కనిపిస్తూనే చేశారు.

"అమ్మాయ్, ఇక ఇంటికొస్తానమ్మా. ఈ కుర్చీలో నడుం పట్టేస్తోంది. ఆ టీ కూడా... ఇక్కడికొచ్చేసరికి చల్లారిపోతోంది."

"తీసుకొస్తాను మామయ్యా," అంది.

కరెంటు ఆఫీసుకు వెళ్ళింది. స్తంభాన్ని ఇంటికి తేవాలంటే కొత్త కనెక్షనుకు దరఖాస్తు పెట్టాలన్నారు. పెట్టింది. కనెక్షన్ రోడ్డు దాటాలి, కొత్త రోడ్డును గ్యారంటీ అయిదేళ్ళూ ముగిసేదాకా అడ్డంగా ఏదీ దాటించరాదు అన్నారు. ఫిర్యాదు చేసుకోవచ్చా అంది. తప్పకుండా, ప్రజలకున్న హక్కే అది, సుమార్గం యాప్‌లో చేసుకోండి అన్నారు.

ఇంటికొచ్చి, గడప మీద కూర్చుని, గుమ్మం బయటికి కాళ్ళు చాపి, యాప్ తెరిచింది. నలభై ఏడు నొక్కింది. ఫిర్యాదులు మూడు రకాలు ఉన్నాయి. స్తంభం ఒరిగినది. తీగ తెగినది. దీపం వెలగడం లేదు. మామగారు ఇంటికి రావాలి అనేది లేదు. ఉన్నవాటిలో దగ్గరగా కనిపించింది మూడోది. అదే నొక్కింది.

ఆ శాఖ ఏనాడూ ఇంత చురుగ్గా పనిచెయ్యలేదు. గంటలో ఇద్దరు మనుషులు నిచ్చెనతో వచ్చారు. మామగారి కుర్చీ వెనక ఒక గొట్టం బిగించి, దాని చివర ఆయన నెత్తికి సరిగ్గా పైన ఒక బల్బు పెట్టి వెళ్ళారు. చీకటి పడుతుండగా అది వెలిగింది. ఆరు వరసల అవతల, పచ్చటి వెలుతురులో, మామగారు కోడలి వైపు చెయ్యి ఊపారు. తర్వాత ఆ చెయ్యి నడుం మీదికి పోయింది.

ఫోను మోగింది. 'మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?' కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. అయిదుకు తక్కువ ఇచ్చినవారి ఇంటికి పరిశీలన నిమిత్తం రంగుల మనిషిని పంపిస్తారట.

కోడలు అయిదూ నొక్కింది. నొక్కి, గడప బయటున్న కాళ్ళు లోపలికి లాక్కుంది.